డేలియా దుంపను కాదు, దాని మెడను చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. మీరు ఉండేది షికాగో శివారులో. నిరుడు మొదటిసారి తొమ్మిది డేలియా పూలమొక్కలు వేశారు. అక్టోబరులో దుంపలు తవ్వి, కడిగి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సర్ది బేస్‌మెంట్‌లో పెట్టారు. మార్చి రెండో వారంలో మూత తీస్తే కొన్ని ముడతలు పడి ఉన్నాయి, కొన్నిటి మీద తెల్లని బూజు, దుంపల గుత్తులు రెండు పూర్తిగా మెత్తబడ్డాయి. మిగిలినవాటిని ఎక్కడ కోయాలి, ఒక్కో దుంపను విరిచి విడిగా నాటితే మొలుస్తుందా, ఇప్పుడే కోయాలా, ఆగాలా అన్నవి మీ సందేహాలు.

డెట్రాయిట్ దగ్గర పదహారేళ్ళుగా డేలియాలు పెంచుతున్నాను. మీ డబ్బాలో కనిపించినవన్నీ ఏదో ఒక ఏడాది నా డబ్బాలోనూ కనిపించాయి. కాబట్టి ముందుగా చెప్పేది ఇది: ఈ రోజు ఏ గుత్తినీ పారేయకండి, ముక్కలుగా విడదీయకండి. గుత్తులన్నీ బయటికి తీసి పాత న్యూస్‌పేపర్ల మీద ఒకదానికొకటి తగలకుండా పరవండి. తెల్లని బూజు చాలావరకు పైపైనే ఉంటుంది. పొడి గుడ్డతో తుడిచి ఒక పూట గాలికి ఆరనిస్తే సరిపోతుంది.

తరవాత ప్రతి దుంపనూ బొటనవేలితో నొక్కి చూడండి. పచ్చి క్యారట్‌లా గట్టిగా ఉంటే దాని గురించి ఆలోచించనక్కరలేదు. వాడిన ముల్లంగిలా కొద్దిగా వంగుతూ, తోలు ముడతలు పడి ఉంటే నీరు తగ్గిందని అర్థం. ప్రాణం పోలేదు. వేలు లోపలికి దిగిపోయి, తడి అంటి, వాసన వస్తే అది కుళ్ళు. కుళ్ళిన దుంపను అక్కడికక్కడే కోసేయండి. కోసిన చోట తెల్లని, శుభ్రమైన కండ కనిపించేదాకా కోస్తూ వెళ్ళండి. గోధుమరంగు కుళ్ళు కాండం మొదలు దాకా పాకి ఉంటే ఆ వైపు వదులుకోక తప్పదు. రెండో ఫొటోలో మీరు పోయిందనుకున్న గుత్తిలో కుడివైపు మూడు దుంపలు నిగనిగలాడుతున్నాయి, అవి బతికే ఉన్నాయని నా నమ్మకం. తవ్విన గుత్తి మధ్యలో నల్లగా, గరుకుగా, మిగతావాటికన్నా ముసలిగా కనిపించేది నిరుడు మీరు నాటిన తల్లి దుంప. అది కుళ్ళితే బాధపడకండి. దాని పని అయిపోయింది.

ఇక అసలు ప్రశ్న, ఎక్కడ కోయాలన్నది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే డేలియా పోగొట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

మన చేతులకు అలవాటైన దుంపలు వేరు. బంగాళాదుంపకు ఒళ్ళంతా కళ్ళే, అంటే మొలక వచ్చే చోట్లే, ఏ ముక్క కోసినా కన్ను వస్తుంది. పసుపు, అల్లం కూడా అంతే, ఏ కణుపు దగ్గర విరిచినా మొలక ఉంటుంది. ఎందుకంటే అవన్నీ నేలలో లావెక్కిన కాండాలు. డేలియా దుంప కాండం కాదు, లావెక్కిన వేరు. వేరు మీద కళ్ళు ఉండవు. చిలగడదుంప కూడా వేరే కదా, అది మొలుస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. చిలగడదుంప తన ఒంటి మీద కొత్త మొలకలు పుట్టించుకోగలదు. డేలియా దుంపకు ఆ శక్తి లేదు. దాని కన్ను ఒకే చోట ఉంటుంది: పాత కాండం నేలను తాకే చోట, దుంపలన్నీ వచ్చి కలిసే గట్టి ముడిలో. దాన్ని మొదలు అందాం. దుంప నుంచి మొదలుకు వెళ్ళే సన్నని భాగం మెడ. కన్ను ఉన్న మొదలు ముక్క, విరగని మెడ, ఆరోగ్యంగా ఉన్న దుంప, ఈ మూడూ కలిసి ఉంటేనే అది మొక్క అవుతుంది.

చెరకు నాటే రైతు ముచ్చె (నాటే గడ ముక్క) ఎంత లావుగా ఉందని చూడడు, దానికి ఎన్ని కళ్ళున్నాయని చూస్తాడు. డేలియా దగ్గర కూడా చూపు అలాగే ఉండాలి. లావుపాటి దుంప చేతిలోకి వస్తే సంబరపడతాం, కానీ దాని మెడ విరిగి ఉంటే అది మొక్కగా ఎప్పటికీ లేవదు.

ఇది నేను నేర్చుకున్నది రెండో ఏడాదిలో. అందమైన దుంపలు ఏరి, చేత్తో విరిచి, పదకొండు గుంతల్లో వేశాను. నాలుగు మొలిచాయి. మిగతా ఏడింటి కోసం జూన్ అంతా చూశాను, జులై మొదటి వారం దాకా ఓపిక పట్టాను, చివరికి ఒకటి తవ్వాను. దుంప కుళ్ళలేదు. తవ్వి తీసినప్పుడు నాటిన రోజుకన్నా నిండుగా, చల్లగా ఉంది. చుట్టూ తెల్లని పిల్ల వేర్లు కూడా వేసింది. పైకి రావడానికి మాత్రం దాని దగ్గర కన్ను లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. రెండు నెలలుగా అది నేలలో బతుకుతూనే ఉంది. అప్పటినుంచి కన్ను కనబడనిది నాటలేదు.

మరి కన్ను ఎలా కనబడుతుంది? మార్చిలో, చలిలోంచి ఇప్పుడే తీసిన గుత్తి మీద అది కనబడకపోవడమే ఎక్కువ. పాపాయికి పన్ను రాబోయే ముందు చిగుళ్ళు ఎలా ఉబ్బుతాయో చూశారుగా, కన్ను మొదట్లో అలా ఉంటుంది. ఆవగింజంత ఉబ్బు, చుట్టూ తోలు కొద్దిగా బిగిసి ఉంటుంది. రకాన్ని బట్టి లేత ఆకుపచ్చ, గులాబి, వంకాయరంగు ఛాయ ఏదైనా ఉండవచ్చు. గుత్తిని కిటికీ దగ్గర పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పితే నీడ వల్ల ఉబ్బు తెలుస్తుంది. తెలియలేదంటే గుత్తిని బలవంతంగా నిద్రలేపనక్కరలేదు. రెండు వారాలు ఇంట్లోకి తెచ్చి 65 నుంచి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న గదిలో ఉంచండి. ఒక ట్రేలో అరచేతి మందాన పాటింగ్ మట్టి పోసి, దాన్ని నీళ్ళు చిలకరించి చెమ్మగా మాత్రమే చేసి, గుత్తిని మొదలు బయటికి కనిపించేలా కూర్చోబెట్టండి. మీ ముడతలు పడిన దుంపలకూ ఇదే వైద్యం. పది, పదిహేను రోజుల్లో కళ్ళు వాటంతట అవే చెబుతాయి. బకెట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టమని కొందరు సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. నీరసించిన దుంప మీద ఎక్కడో చిన్న గాయం ఉంటుంది, ఆ నీళ్ళు అక్కడే కుళ్ళు మొదలుపెడతాయి.

మీ ఊళ్ళో ఏప్రిల్ మొదటి వారంలో ఇంట్లోకి తెస్తే ఏప్రిల్ మూడో వారానికి కోయడానికి సిద్ధమవుతాయి. తొందర లేదు. మీరున్న ప్రాంతంలో మే రెండో ఆదివారం ముందు డేలియా నేలలో పెట్టడం సాహసమే.

కోసేటప్పుడు దుంపతో మొదలుపెట్టకండి, కాండంతో మొదలుపెట్టండి. ఎండిన పాత కాండం మధ్యగా, నిలువునా, గుత్తిని రెండు భాగాలుగా చీల్చండి. వసంతానికి ఆ కాండం కర్రలా గట్టిపడి ఉంటుంది కాబట్టి కూరగాయల కత్తి పనికిరాదు, జారి చెయ్యి తెగుతుంది. కొమ్మలు కత్తిరించే పొడవు పిడుల కత్తెర వాడండి. రెండు భాగాలయ్యాక లోపల ఏది దేనికి అంటుకుని ఉందో స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు చిన్న కత్తెరతో ఒక్కో దుంపకు బొటనవేలి గోరంత మొదలు ముక్క, దాని మీద కనీసం ఒక కన్ను వచ్చేలా విడదీయండి. రెండు దుంపల మధ్య ఒకే కన్ను ఉంటే ఆ రెంటినీ కలిపే ఉంచండి. పంపకాలు సమంగా రావాలని కన్నును చీలిస్తే రెండూ పోతాయి. మెడ విరిగిందేమో అనుమానం ఉంటే మొదలు పట్టుకుని మెల్లగా ఊపండి. దుంప తలకాయ వేలాడినట్టు ఊగితే లోపల తెగింది, పక్కన పెట్టేయండి.

దుంప పరిమాణం గురించి ఎవరు ఏం చెప్పినా పెద్దగా పట్టించుకోకండి. పెన్సిల్ బ్యాటరీ అంత దుంప చాలు, మంచి మొక్క వస్తుంది. జానెడు పొడవుంటే కింది సగం కోసేసినా నష్టం లేదు. అయితే మొదటిసారి కోస్తున్నారు కాబట్టి ఒక గుత్తి నుంచి పది ముక్కలు తీయాలని ఆశపడకండి. మూడో, నాలుగో చాలు. చేతికి పని తెలిసేదాకా పెద్ద ముక్కలే మేలు.

కత్తెర శుభ్రత విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఒక గుత్తి నుంచి ఇంకో గుత్తికి వెళ్ళే ప్రతిసారీ ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపిన గిన్నెలో కత్తెర ముంచి తుడవండి. తెగిన దుంప రసం ద్వారా రోగం ఒక మొక్క నుంచి ఇంకోదానికి వెళ్ళగలదు. కోసేటప్పుడు మొదలు దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా గడ్డకట్టిన ముద్ద గానీ, ఒకే చోట పదుల కొద్దీ సన్నని, పాలిపోయిన మొలకలు గుమిగూడినది గానీ కనిపిస్తే ఎన్ని కళ్ళో అని సంతోషించవద్దు. అది గాల్ అనే బాక్టీరియా రోగం. మంచి భాగం కోసి దాచుకుందామని చూడకుండా గుత్తి మొత్తం చెత్తబుట్టలో వేయండి, కంపోస్టులో వద్దు. వైరస్ సంగతి ఇంకా కష్టం, దుంపను చూసి కనిపెట్టలేం. వేసవిలో ఆకు ఈనెల వెంబడి పసుపు చారలు పడి, మొక్క గిడసబారితే అప్పుడే దానికి ఎర్ర దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. మీ తొమ్మిదింటిలో అలాంటిది ఉందేమో ఆగస్టులో తీసిన ఫొటోలు ఒకసారి చూసుకోండి.

కోసిన ముక్కల్ని వెంటనే మట్టిలో పెట్టకూడదు. మా తాతగారు కోనసీమలో కంద నాటేటప్పుడు ప్రతి ముక్కకూ మొలక భాగం వచ్చేలా కోసి, పేడనీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టేవారు. అప్పుడు అది ఎందుకో తెలియదు, ఇప్పుడు తెలుసు. కోసిన ముఖం ఎండి పొర కడితే కుళ్ళు లోపలికి పోదు. డేలియా ముక్కల్ని ఒకటి రెండు రోజులు నీడలో, గాలి ఆడే చోట ఉంచండి. కోత మీద గంధకం పొడో, దాల్చినచెక్క పొడో చల్లేవాళ్ళున్నారు. చల్లితే తప్పులేదు, ఆరడం మాత్రం తప్పనిసరి. విడదీసిన క్షణంలోనే దుంప మీద చెరగని మార్కరుతో పేరు రాయండి. రెండు రకాలు ఒకసారి కలిసిపోతే ఆగస్టులో పూసేదాకా ఏది ఏదో చెప్పలేరు.

నాటడం గురించి ఎక్కువ చెప్పను, మీరు నిరుడు చేశారు. నేల 60 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకాక, నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతున, దుంపను పడుకోబెట్టి, కన్ను పైకి చూసేలా పెట్టండి. ఊతకర్ర అప్పుడే పాతండి, తరవాత పాతితే దుంపలో గుచ్చుకుంటుంది. మొలక నేల పైకి వచ్చేదాకా నీళ్ళు పోయకండి. పిల్ల వేర్లు లేని దుంప నీళ్ళు తాగలేదు, తడిలో కూర్చుని కుళ్ళుతుంది. మేలో పడే వానే దానికి ఎక్కువ.

ఇప్పుడు నిల్వ. మీరు తప్పు ఎక్కడ చేశారో తెలియడం లేదని రాశారు. కడగడం తప్పు కాదు, బేస్‌మెంట్ తప్పు కాదు. మూత, ఆ డబ్బాలో దుంపల మధ్య ఏమీ లేకపోవడం, ఈ రెండే.

డేలియా మెక్సికో ఎత్తైన కొండ నేలల మొక్క. అక్కడ వేసవిలో వానలు పడతాయి, మొక్క పెరిగి పూస్తుంది. తరవాత నెలల తరబడి పొడి చలికాలం. ఆ కాలాన్ని దాటడానికే అది దుంపలో నీరు, ఆహారం దాచుకుంటుంది. ఆ నిద్రలో దానికి కావలసింది చల్లదనం, కొద్దిపాటి చెమ్మ, చుట్టూ గాలి. గడ్డకట్టే చలి దానికి తెలియదు, గడ్డకడితే లోపలి కండ నీరై పోతుంది. మనం చేయవలసిందల్లా ఆ కొండ నేలను ఒక డబ్బాలోకి తేవడం. 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే నాలుగు నుంచి పది సెల్సియస్ మధ్య ఉంచాలి. అంతకన్నా వెచ్చగా ఉంటే దుంప ఊపిరి పీల్చుకుంటూ తన నిల్వను తానే తినేస్తుంది, ముడతలు పడుతుంది, జనవరిలోనే మొలకేస్తుంది.

మీ బేస్‌మెంట్ అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండదు. ఫర్నేస్ పక్కన 65 ఉంటే, ఉత్తరం వైపు బయటి గోడ మూలలో నేల మీద 50కి అటూ ఇటూ ఉండవచ్చు. అత్యధికం, అత్యల్పం రెండూ చూపించే చిన్న థర్మామీటరు కొని, ఈ చలికాలం మిగిలిన రోజుల్లోనే నాలుగు మూలలా మూడేసి రోజులు పెట్టి చూడండి. వచ్చే ఏడాదికి మీ డబ్బా చోటు ఇప్పుడే తేలిపోతుంది. గ్యారేజీ పగలు చూస్తే బాగానే ఉంటుంది, జనవరి రాత్రి గడ్డకడుతుంది. ఒక ఏడాది నా పన్నెండు గుత్తులు ఒక్క రాత్రిలో అలా పోయాయి.

మూత బిగించినప్పుడు దుంప వదిలిన తేమ బయటికి పోలేక, మూత లోపలివైపు చుక్కలై, మళ్ళీ దుంపల మీదే పడింది. పైనున్నవి కుళ్ళాయి. డబ్బా పక్కగోడల దగ్గర విడిగా ఉన్నవి ఎండాయి. ఒకే డబ్బాలో రెండు జబ్బులూ ఎందుకొచ్చాయని అడిగారు కదా, కారణం ఇదే. నేను వాడేది వర్మిక్యులైట్ అనే తేలికైన ఖనిజపు పలుకులు. అది ఎక్కువ తేమను పీల్చి, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది. పెంపుడు జంతువుల కోసం అమ్మే చెక్క తురుము కూడా బాగానే పనిచేస్తుంది, చవక. ఏదైనా సరే, గుప్పిట్లో పిండితే చేతికి చల్లగా తగలాలి, నీటి చుక్క రాకూడదు. ఒక వరస తురుము, ఒక వరస దుంపలు, మళ్ళీ తురుము. దుంప దుంపను తాకకూడదు, అప్పుడు ఒకటి కుళ్ళినా పక్కది మిగులుతుంది. మూత వదులుగా వేయండి, లేదా మూతకు నాలుగు చిల్లులు పెట్టండి. యాపిల్ పండ్ల బుట్ట ఆ గదిలో ఉంచకండి, అవి వదిలే ఇథిలీన్ వాయువు మొలకలను పాడుచేస్తుంది.

ఇంత చేసినా నెలకొకసారి చూడాలి. నేను ప్రతి నెలా ఒకటో తేదీన తెరుస్తాను. ముడతలు కనిపిస్తే రెండుసార్లు నీళ్ళు చిలకరిస్తాను, చుక్కలు కనిపిస్తే ఒక రోజు మూత తీసి ఉంచుతాను. మెత్తబడింది దొరికితే తీసేస్తాను. పావుగంట పని. మీరు అక్టోబరు నుంచి మార్చి దాకా తెరవలేదు, ఈ ఒక్కటి మార్చుకుంటే సగం నష్టం ఆగిపోతుంది.

తవ్వడం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే విరిగిన మెడలు ఎక్కువగా అక్కడే విరుగుతాయి. తొలి గడ్డమంచుకు ఆకులు నల్లబడ్డాక కాండం అరడుగు వదిలి కోసేసి, ఒక వారం నేలలోనే ఉంచండి. ఆ వారంలో తోలు గట్టిపడుతుంది, కళ్ళు కూడా కొద్దిగా ఉబ్బుతాయి. తరవాత కాండానికి అడుగు దూరంలో చుట్టూ పలుగు గుచ్చి, కిందనుంచి ఎత్తండి. కాండం పట్టుకుని లాగకండి, మట్టి బరువుకు మెడలు లోపలే పుటుక్కుమంటాయి, మీకు వినబడదు. కాండం లోపల బోలుగా ఉంటుంది, అందులో నిలిచిన నీరు నేరుగా మొదలులోకి దిగి కళ్ళను కుళ్ళబెడుతుంది. అందుకే కడిగాక గుత్తిని తలకిందులుగా పెట్టి ఒక రోజు నీరు కార్చండి. అంతకు మించి ఎండబెట్టకండి.

హైదరాబాద్‌లో ఉన్న మీ అమ్మగారికి కూడా రెండు దుంపలు ఇవ్వాలనుందని రాశారు. దుంపలు విమానంలో తీసుకెళ్ళకండి, మొక్కల దిగుమతికి అనుమతి పత్రాలు కావాలి. అక్కడ డేలియా చలికాలపు పువ్వు, సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటితే సంక్రాంతి రోజుల్లో పూస్తుంది, నర్సరీల్లో మొక్కలు దొరుకుతాయి. అక్కడి శత్రువు చలి కాదు, ఏప్రిల్, మే నెలల వేడి. పూత అయ్యాక దుంపలు తీసి, పొడి ఇసుకలో పొదిగి, ఇంట్లో అన్నిటికన్నా చల్లని నీడ మూలలో ఉంచమనండి.

చివరగా మీ మూడో ఫొటోలోని పెద్ద గుత్తి. పన్నెండు దుంపల దాకా ఉన్నాయి, అన్నీ గట్టిగా కనిపిస్తున్నాయి, మొదలు ఎడమవైపు గులాబిరంగులో రెండు ఉబ్బులు ఉన్నట్టు నాకు తోస్తోంది. కుడివైపు ఏమీ కనబడటం లేదు. దాన్ని ఏప్రిల్ మూడో వారం దాకా ముట్టుకోకండి. అప్పుడు మొదలు భాగం దగ్గరగా, పక్క వెలుతురులో ఒక ఫొటో తీసి పెట్టండి, కత్తెర ఎక్కడ పెట్టాలో గీత గీసి చూపిస్తాను.